పొయ్యి ఊదినట్టు ఊదమన్నాను

ఈ సంగతి జరిగిననాడే రాసి ఉండాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు వచ్చాయి గాని వాక్యం రాలేదు. కూడబలుక్కుని చదివేదాన్ని. రాయబోతే మాత్రం ఒక వరుస పూర్తయ్యేసరికి ఏం చెప్పాలనుకున్నానో మరిచిపోయేదాన్ని. అంతకుముందు యాభై ఏళ్లకు పైగా ఆ అక్షరాలూ లేవు. మా ఊరు కోహీర్ పక్కన. బడి మా ఇంటికి మూడు గడపల అవతలే ఉండేది కాబట్టి దూరం వల్ల చదువుకోలేదని చెప్పలేను. ఇంట్లో మేకలున్నాయి, నా వెనక నలుగురు పిల్లలున్నారు. నన్ను బడికి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాకు కూడా.

పని మానేసి ఏడాది దాటింది. ఇప్పుడు తీరిక ఉంది, వాక్యమూ కొంత వచ్చింది. దవాఖానల్లో, ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. చదువు లేని ఆయా చేసిన తప్పు మేమెందుకు చేస్తామని మీరు అనుకోవచ్చు. నేను పనిచేసిన దవాఖానలో చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కళ్లముందే అది రెండేళ్లు జరిగింది.

జహీరాబాద్ దాటాక రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీ. గేటు పక్కన మూడు గదుల దవాఖాన. అందులో నేను ఆయాను. ఊడవడం, తుడవడం నా పని. సూదులు ఉడకబెట్టిన కాలం నుంచి సూదులు పారేసే కాలం దాకా అక్కడే ఉన్నాను. మందుల డబ్బాలను రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒకసారి కంపెనీవాళ్లు డబ్బా రంగు మార్చారు. నేను జ్వరం మందు అనుకుని వేరే డబ్బా తెచ్చి సిస్టరు చేతిలో పెట్టాను. ఆమె చూసుకుంది కాబట్టి సరిపోయింది. ఆమె నన్ను తిట్టలేదు. మరునాడు మధ్యాహ్నం తిండి అయ్యాక పాత డబ్బా అట్ట చింపి దాని వెనక 'అ' రాసి, "దిద్దు అమ్మా, రేపు ఇంకో డబ్బా రంగు మారుతది" అంది. అట్లా మొదలైంది నా చదువు.

కరోనా తర్వాత ఫ్యాక్టరీవాళ్లు కొత్త నియమం పెట్టారు. షెడ్డులో పనికి వచ్చేవాళ్ల ఊపిరి బలం చూడాలి. దానికొక మిషను వచ్చింది, మిషనుతో ఒక మనిషి వచ్చాడు. ఆయనను అందరం మిషన్ సారు అనేవాళ్లం. బీదర్ వైపు మనిషి, వయసులో నా కొడుకు కన్నా చిన్న, మంచివాడే. అమ్మినవాళ్లు ఒక్కరోజు నేర్పి పోయిన దానితో నెట్టుకొచ్చేవాడు.

చూడడానికి పని సులువు. మనిషి కుర్చీలో కూర్చోవాలి. ముక్కుకు క్లిప్పు పెడతాం. నోట్లో అట్టగొట్టం పెట్టుకుని, నిండా గాలి పీల్చి ఊదాలి. మూడుసార్లు. తెర మీద ఒక గీత లేస్తుంది, దాని కింద అంకెలు పడతాయి. అంకె హద్దు కన్నా తక్కువైతే అక్కడి నుంచే ఇంటికి. హద్దు దాటినవాళ్లు పక్క గదిలో చెక్కమెట్టు మూడు నిమిషాలు ఎక్కి దిగాలి. తర్వాత సిస్టరు నాడి లెక్కపెడుతుంది.

ఎట్లా ఊదాలో చెప్పే పని నా మీద పడింది. మిషన్ సారు తెలుగు మాట్లాడతాడు గాని ఆడవాళ్లకు విడమరిచి చెప్పలేడు. వచ్చేవాళ్లు ఝరాసంగం, న్యాల్‌కల్ వైపు పల్లెల వాళ్లు. మిషను చూసి బెదిరిపోయేవాళ్లు. ఒకామె ఊదమంటే పీల్చింది. ఇంకొకామె నవ్వు ఆపుకోలేక క్లిప్పు ఊడగొట్టుకుంది. ఒకరోజు విసిగిపోయి, "ఇంత పరేషాన్ ఎందుకు? పొయ్యి ఊదినట్టు ఊదు, అంతే" అన్నాను.

వరుసలో ఉన్న అందరి మొహాలూ తేటపడ్డాయి. "గింతేనా" అన్నారు. ఆ రోజు వరుస గంట ముందే అయిపోయింది. మిషన్ సారు, "అక్కా, నువ్వు చెప్తె జల్దీ అయితది" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇన్నేళ్లలో నేను చేసిన పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆనాటి నుంచి కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడమనిషికీ అదే చెప్పాను. పొయ్యి ఊదినట్టు ఊదు.

పట్నం నుంచి వచ్చే పడుచుపిల్లలు, గ్యాసు పొయ్యి తప్ప ఎరగనివాళ్లు, నా మాట పట్టించుకోకుండా తోచినట్టు ఊదేవాళ్లు. వాళ్ల అంకెలు బాగా వచ్చేవి. పల్లెల నుంచి వచ్చిన నడివయసు ఆడవాళ్లు నేను చెప్పినట్టు శ్రద్ధగా ఊదేవాళ్లు. వాళ్లలో చాలామంది హద్దు కిందికి పడేవాళ్లు. వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు మేడం కాగితాలు చూసి, "కట్టెల పొగ. ఏళ్లకేళ్లు మింగుతారు, ఇట్లాగే అవుతుంది" అని నిట్టూర్చేది. ఆ మాటలో అబద్ధం లేదు. పొగతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఉంటారు. నిజమైన మాట కావడం వల్లే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక ఆ గోడ మీది కాగితం గురించి చెప్పాలి. మిషనుతో పాటు వచ్చిన కాగితం, గాజు చట్రంలో, ఊదే కుర్చీ వెనక గోడకు ఉండేది. ఊదేవాళ్లకు అది వీపు వెనక. మిషన్ సారుకు ఎదురుగా, కాని ఆయనకు తెలుగు చదవడం రాదు. డాక్టరు మేడం, సిస్టరు వేరే గదుల్లో కూర్చునేవాళ్లు. రోజూ దాని దగ్గరికి పోయేది నేను ఒక్కదాన్నే. తడిబట్టతో గాజు తుడిచేదాన్ని.

రెండో ఏడు చివర ఒక మధ్యాహ్నం తుడుస్తూ తుడుస్తూ, ఒక అక్షరం తెలిసినట్టనిపించి ఆగాను. వేలు పెట్టి చదివాను. "నిండా గాలి పీల్చి." తర్వాత, "ఒక్కసారిగా, బలంగా, వేగంగా ఊదాలి." నాకు చదవడం వచ్చిందన్న సంతోషంలో అర్థం వెనక పడింది. కింది వరుస చదివాక అర్థం వచ్చింది. "నెమ్మదిగా మొదలుపెడితే లెక్క తప్పుతుంది."

కట్టెల పొయ్యి ఊదిన ఏ ఆడదైనా నెమ్మదిగానే మొదలుపెడుతుంది. జోరుగా ఊదితే బూడిద లేచి కంట్లో పడుతుంది, కూరలో పడుతుంది. ముందు సన్నగా ఊదాలి, నిప్పు ఎర్రబడ్డాక పొడుగ్గా ఊదాలి. అది మాకు ఏడెనిమిదేళ్లకే వచ్చిన విద్య. మిషనుకు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. నేను తప్పు చదివానేమో అని సిస్టరును పిలిచాను. "జర ఇది చదువమ్మా." ఆమె చదివింది. నేను చదివినట్టే ఉంది. "మంచిగ చదివినవ్ కదా" అని ఆమె నా భుజం తట్టి పోయింది. ఆమెకు మిగతా సంగతి తెలియదు.

ఇప్పుడు దాచకుండా రాయాలి. నేను ఎవరికీ చెప్పలేదు. పని మానేయడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆయా చెప్పిన మాట వల్ల ఇంతమంది వెనక్కి పోయారంటే నన్ను ఉంచుతారా అని భయం. కాబట్టి మెల్లగా మాట మార్చేశాను. పొయ్యి ఊసు ఎత్తకుండా "ఒక్కసారే జోరుగ ఊదు" అనడం మొదలుపెట్టాను. అంకెలు పెరిగాయి. మిషన్ సారు, "ఈ నెల ఆడోళ్లు మంచిగ ఊదుతున్నరు, ఏం తింటున్నరో" అన్నాడు. నేను బకెట్ తీసుకుని బయటికి పోయాను. ఇక ముందు ఎవరికీ అన్యాయం జరగదు, వెనక్కి పోయినవాళ్లు ఎక్కడో ఒకచోట పని చూసుకునే ఉంటారు అని మనసుకు చెప్పుకున్నాను. మూడు వారాలు అట్లా గడిచాయి.

ఆ తర్వాత న్యాల్‌కల్ వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. అంతకుముందు రెండుసార్లు ఊది, రెండుసార్లూ వెనక్కి పోయిన మనిషి. నాకు గుర్తుంది. ఆమె మాటల్లో కన్నడం కలిసేది, అందుకని మిషన్ సారుతో బాగా మాట్లాడేది. ఈసారి ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"రెండుసార్లు ఫెయిల్ అయినవ్. మూడోసారి లేదమ్మా."

"నౌకరీ వద్దు సార్. నౌకరీ ఎవరికన్న ఇచ్చుకోన్రి. నాకు బీమారి లేదని ఒక కాగితం రాసియ్యున్రి."

"కాగితం ఎందుకు?"

ఆమె చెప్పింది. తీసుకొచ్చిన కాంట్రాక్టరు మనిషి తిరిగి పోయేటప్పుడు బస్సులోనే అందరి ముందు అన్నాడట, ఈమెకు ఊపిరి లేదని వాపస్ పంపిన్రు అని. ఆ మాట ఆమె కన్నా ముందు ఊరు చేరింది.

"ఊపిరితిత్తుల బీమారి అని ఊరంత అంటున్రు. కలుపుకు పిలుస్తలేరు. కందులు కొయ్య పోతె పక్క సాలు పట్టెటోళ్లు లేరు. మా అత్త నా గిలాస వేరే పెట్టింది. పిల్లగాళ్లను నా పక్కల పండనిస్తలేదు. నాకు దగ్గు లేదు, ఆయాసం లేదు. తెల్లారి లేస్తె చేన్ల పని, ఇంటి పని అంత నేనే చేస్త. కాగితం మీద రాసి లేదు కాబట్టి నా మాట చెల్లుతలేదు."

అది డాక్టరు మేడం వచ్చే రోజు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "ఊదించండి" అంది.

నేను క్లిప్పు పెట్టాను. గొట్టం చేతికిచ్చి, "ఈసారి ఒక్కసారే, జోరుగ" అన్నాను.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, నాకిప్పుడు మంచిగ వచ్చు" అంది. "నువ్వు చెప్పినట్టె నేర్చుకున్న. నాలుగు నెలల సంది రోజు పొయ్యి కాడ గొట్టం వట్టుకొని, జర గూడ బూడిద లేవకుంట ఊదుతున్న. లెక్కవెట్టుకొని ఊదుతున్న."

నేను ఏదో అనేలోపే కళ్లు మూసుకుని ఊదింది. సన్నగా, పొడుగ్గా, దీపం కూడా ఆరనంత నేర్పుగా. తెర మీద గీత గుట్ట ఎక్కినట్టు మెల్లగా లేచి మెల్లగా దిగింది. మూడుసార్లూ అంతే.

"చూసిన్రా మేడం" అన్నాడు మిషన్ సారు. "పోయినసారి కన్న తగ్గింది."

ఆమె తెర వైపు చూడలేదు. అంకెలు రావు కదా. నా మొహం వైపు చూసింది. బాగా చేశానా అన్నట్టు చూసింది.

నా చేతిలో వాడేసిన గొట్టాల ట్రే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. "మేడం, తప్పు ఆమెది కాదు, నాది" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవ్ అక్కా?" అన్నాడు మిషన్ సారు.

"మెల్లగ ఊదుమని నేనే నేర్పిన సార్. ఆమెకొక్కతికే కాదు, రెండేండ్ల సంది అందరికీ అదే చెప్పిన. గోడ మీద వేరే ఉంది. మూడు వారాల కింద చదివిన. చదివి గూడ చెప్పలే."

మేడం కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడి ఆ కాగితం మొత్తం చదివింది. తర్వాత మిషన్ సారు వైపు తిరిగింది.

"ఇది రోజూ మీకు ఎదురుగానే ఉంటుంది కదా?"

"నాకు తెలుగు చదవరాదు మేడం. కన్నడ, హిందీ, ఇంగ్లీషు వస్తయ్."

"సరే, తెర మీద ఈ ఎర్ర గుర్తు ఇంగ్లీషే కదా. ఊదడం సరిగ్గా మొదలుకాలేదు అని రాసుంది."

"అది ఎప్పుడూ వస్తనే ఉంటది మేడం" అన్నాడాయన చిన్నగొంతుతో. "రోజూ వస్తది కాబట్టి అది ఉండేదే అనుకున్న."

మేడం కోప్పడుతుందనుకున్నాను. ఆమె కాగితాల కట్ట చేతిలోకి తీసుకుని, "నేను కూడా అంకె చూసి సంతకం పెట్టాను. గీత చూడలేదు" అంది. ఆ తర్వాత నాతో, "అమ్మా, ఆమెకు మళ్లీ చెప్పు. ఈసారి సరిగ్గా చెప్పు" అంది.

అది నాకు కష్టమైంది. జోరుగా ఊదు అంటే ఆమె తల ఊపుతుంది గాని, నాలుగు నెలలు సాధన చేసిన నోరు వినదు. ఏం చెప్పాలా అని ఆలోచించి, "మీ దిక్కు జొన్నచేన్ల పిట్టలు పడ్తయా?" అని అడిగాను.

"పడకేం? పొద్దు పొడవక ముందే పడ్తయ్."

"మంచె మీద నిలబడి మొదటి కేక ఎట్ల వేస్తవ్?"

"ఒక్కసారే, గట్టిగ. మెల్లగ వేస్తె పిట్ట నవ్వుతది పెద్దమ్మా."

"ఆ కేక గొట్టంల వెయ్యి. గొంతు వద్దు, గాలి చాలు. కడుపుల ఇంత గాలి గూడ మిగలొద్దు."

ఆమె ఊదింది. గీత నిలువుగా లేచింది. మిషన్ సారు ముందుకు వంగాడు. రెండోసారి, మూడోసారి కూడా నిలువుగానే లేచింది. అంకె హద్దు దాటింది, దాటి చాలా పైకి పోయింది. మేడం ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. దగ్గు గురించి, బరువు గురించి, రాత్రి చెమటల గురించి అడిగింది. "నీకేమీ లేదు" అంది. ఆమె ఆ మాట విని ఏడవలేదు, నవ్వలేదు. "రాసియ్యున్రి" అంది.

రాసే ముందు మేడం ఆమెను చెక్కమెట్టు ఎక్కించింది. ఏం తోచిందో, "మీరూ ఎక్కండి" అని మిషన్ సారును కూడా పక్కనున్న ఇంకో చెక్కమెట్టు ఎక్కించింది. దవాఖానలో అందరికన్నా పెద్ద అంకె ఆయనదే. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ఊది, గీతను తెర పైఅంచు దాకా లేపి చూపించేవాడు. ఇద్దరూ ఎక్కి దిగడం మొదలుపెట్టారు. మొదటి నిమిషం ఆయన నవ్వుతూనే ఉన్నాడు. రెండో నిమిషంలో నవ్వు ఆగింది. మూడో నిమిషం సగంలో గోడ పట్టుకుని దిగిపోయాడు. ఆమె కన్నడంలో ఏదో అడిగింది. ఆయన జవాబు చెప్పడానికి గాలి చాలక చెయ్యి ఊపాడు. తర్వాత తెలిసింది, సార్ పొద్దున ఏమన్న తిన్నరా అని అడిగిందట.

నాడి లెక్కపెట్టాక మేడం చెప్పిన మాట నాకు అట్లాగే గుర్తుంది. "బావిలో నీళ్లు ఎన్ని ఉన్నా, మోటారు లాగినన్నే చేనుకు పారతాయి. ఊపిరితిత్తులు బావి లాంటివి. జబ్బు లేని మనిషికి అవసరానికి మించే ఉంటాయి. గుండె రక్తాన్ని తోసే మోటారు. ఆ రక్తాన్ని కాళ్లూ చేతులూ ఎంత బాగా వాడుకుంటాయన్నది చేను సంగతి. పని చేసీ చేసీ ఈమెకు మోటారూ చేనూ తయారయ్యాయి. సారుకు బావి పెద్దది, మోటారు పడుకుని ఉంది." మిషన్ సారు కుర్చీలో కూర్చుని, "లేపుత మేడం" అన్నాడు. అందరం నవ్వాం.

మేడం మాత్రం తొందరగా ఆపేసింది. జబ్బు ఉందేమో కనిపెట్టడానికి పెట్టిన మిషనుతో మనం పనికి మనుషులను ఏరుతున్నాం, అది మొదటి తప్పు అంది. అంకె పెద్దదైతే పని ఎక్కువ చేస్తారని, చిన్నదైతే చెయ్యలేరని ఆరోగ్యంగా ఉన్నవాళ్ల విషయంలో చెప్పలేం, అంది. ఆ నియమం మారడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. మారాక కూడా సగమే మారింది. అది పెద్దవాళ్ల సంగతి, నాకు పూర్తిగా తెలియదు.

మేడం రాసిచ్చిన కాగితం ఆమె మడిచి రవికలో పెట్టుకుంది. పోతూ పోతూ నా దగ్గర ఆగింది. నేను తల ఎత్తలేదు. "పెద్దమ్మా, ఒకటి మాత్రం జెప్పాలె. ఈ నాలుగు నెలలు మా పొయ్యి మంచిగ మండింది" అంది. అది ఎత్తిపొడుపో, క్షమించడమో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ కలిసి ఉండవచ్చు.

ఆమె వెళ్లాక మేడం రిజిస్టరు తెప్పించింది. హద్దు దాటలేక వెనక్కి పోయిన ఆడవాళ్ల పేర్లు సిస్టరు వేరుగా రాస్తే పేజీన్నర వచ్చింది. "అందరినీ మళ్లీ ఊదించాలి. ఒకరిద్దరికి నిజంగానే జబ్బు ఉండొచ్చు, వాళ్లకు అది ఇంకా ముఖ్యం" అంది మేడం. ఫోను నంబర్లు కాంట్రాక్టరు దగ్గర ఉన్నాయి. కబురు పంపితే చాలు కదా అన్నాడు మిషన్ సారు. బస్సులో అరిచి చెప్పిన మనిషితోనే మళ్లీ కబురా అనిపించింది నాకు. "నేను పోత మేడం" అన్నాను. "ఊర్లు తెలుసు. సెలవు ఇయ్యున్రి."

నన్ను పనిలోంచి తీసేస్తారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. మేడం కూడా ఆ మాట ఎత్తలేదు. "మూడు వారాలు ఎందుకు ఆగినవమ్మా?" అని మాత్రం అడిగింది. భయమేసింది అన్నాను. "నీకు మూడు వారాలు. ఆమెకు?" అంది. పిల్లలూ, తప్పు ఎవరైనా చేస్తారు. తప్పని తెలిశాక ఆగిన ప్రతి రోజూ ఎవరి లెక్కలో పడుతుందో చూసుకోండి. నా తప్పు రెండేళ్లది. అయినా నాకు బాధగా ఉండేది ఆ మూడు వారాల గురించే.

సాయంత్రం ఇంటికి పోయాక ఆ పేజీన్నరను నా చేతితో ఒక నోటుబుక్కులోకి దించుకున్నాను. రాత్రి పడుకునే వేళ దాకా పట్టింది. ఒత్తులు కొన్ని తప్పాయి. ఊళ్ల పేర్లు మాత్రం తప్పలేదు.

మరునాడు పొద్దున్నే ఝరాసంగం పోయే ఆటో ఎక్కాను. మొదటి పేరు ఆ పక్క పల్లెలో ఉంది. ఊళ్లో దిగి నోటుబుక్కు తీసి పేరు చదివి అడిగాను. ఇల్లు చూపించారు. ఆ మనిషి సద్ది కట్టుకుని, నెత్తి మీద ఖాళీ గంప పెట్టుకుని అప్పుడే బయల్దేరుతున్నది. నన్ను గుర్తుపట్టింది. మొహం చిట్లించింది.

"దవాఖాన నుంచా? మల్ల ఏమొచ్చింది?"

"ఒక మాట చెప్పాలె" అన్నాను.

"పత్తి తీసెటోళ్లు ఎదురుచూస్తున్రు. నడుచుకుంట చెప్పు."

ఆమె ముందు, నేను వెనక. ఊరు దాటగానే దారి ఎత్తు మీదికి పోయింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నీకు ఊపిరి తక్కువ లేదు, అన్నాను. తప్పు మాది, అన్నాను. నాలుగు అడుగులకు ఒక మాట వస్తున్నది. ఆమె అదే నడకతో పోతూ, అటు పక్క చేనులోని మనిషితో మాట్లాడుతూ, మధ్యలో నాకు "ఊ" కొడుతున్నది. ఎత్తు సగం ఎక్కేసరికి నా మాట ఆగిపోయింది. అడుగుల చప్పుడు వినపడక ఆమె వెనక్కి తిరిగి చూసింది. గంప దించి గట్టు మీద పెట్టింది.

"జర నిలబడు పెద్దమ్మా. దమ్ము తీసుకో. చేను ఎటు పోదు" అంది.

దమ్ము తీసుకున్నాను. తీసుకుని, మొదటి నుంచి చెప్పాను.